ఏడ్చే మగవాణ్ణి నమ్మవచ్చు
– ఒక పూర్వ విద్యార్థి (1997–2002 బ్యాచ్), జీవశాస్త్ర ఉపాధ్యాయుడు

పోయిన సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చిన అతిథుల్లో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని చాలా మంచి మాటలు చెప్పారు. చదువు గురించి చెప్పారు, పోటీ పరీక్షల గురించి చెప్పారు. చివర్లో మాత్రం ఒక మాట అన్నారు. "మీరు మగపిల్లలు. ఇల్లు గుర్తొచ్చిందని, మార్కులు తగ్గాయని ఏడుస్తూ కూర్చోకూడదు. మగవాడి మెదడు ఏడవటానికి తయారైంది కాదు. ఇది నేను చెబుతున్నది కాదు, సైన్సు చెబుతోంది. దుఃఖం వస్తే ఆడవాళ్ళ మెదడు మనకంటే ఎనిమిది రెట్లు ఎక్కువ పనిచేస్తుందని అమెరికాలో స్కానింగ్ తీసి మరీ తేల్చారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తిరుగు బస్సులో కూర్చున్నాక నాకు సిగ్గేసింది. పదిహేనేళ్ళకు పైగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నవాణ్ణి. మెదడు బొమ్మ బోర్డు మీద చూడకుండా గీయగలను. అయినా ఆ మాట నిజమా అబద్ధమా అని ఒక్క క్షణం ఆలోచించకుండా చేతులు కలిపేశాను. ఈ సంచికకు "పదో తరగతి జీవశాస్త్రంలో మంచి మార్కులు ఎలా?" అని రాసిస్తానని సంపాదకవర్గం తమ్ముళ్ళకు మాటిచ్చాను. అది వచ్చే ఏడాది రాస్తాను, క్షమించాలి. ఈసారికి ఇది.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా పాఠం చెప్పినట్లు ఉంటుంది.

2001 ఆగస్టులో మేము పదో తరగతి. నా ట్రంకు పెట్టె పక్కనే పెట్టె పెట్టుకునే మిత్రుడొకడు ఉండేవాడు. పేరు రాయను, వాడికి ఇష్టం ఉండదు. వాళ్ళ నాన్న రాతి క్వారీలో పనిచేసేవాడు. రెండేళ్ళుగా దగ్గుతూ ఉండి ఆ నెలలో చనిపోయాడు. వాళ్ళ బాబాయి సైకిలు మీద వచ్చి స్టడీ అవర్ మధ్యలో పిలుచుకుపోయాడు. దినం అయిపోయాక వాడు తిరిగొచ్చాడు. పగలంతా మామూలుగానే ఉన్నాడు. రాత్రి లైట్లు తీసేశాక దుప్పటి ముసుగు వేసుకుని ఏడ్చేవాడు. చప్పుడు రాకుండా ఏడవాలని చూసేవాడు గానీ ముప్ఫైమంది పడుకున్న హాల్లో ఏ చప్పుడు దాగుతుంది? ముక్కు ఎగబీల్చే చప్పుడు వినిపించేది.

రెండు రాత్రులు అందరం ఊరుకున్నాం. మూడో రాత్రి ఎవడో "ఎవత్తిరా అది?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు చల్లారకముందే నేను అందుకుని, మా తాత అనే సామెత పైకి అన్నాను. "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు." ఈసారి నవ్వు ఇంకా పెద్దది. నాకు గొప్పగా అనిపించింది కూడా. ఆ మర్నాటి నుంచి వాడు ఏడవలేదు. మేము వాణ్ణి బాగుచేశామనే అనుకున్నాం.

వాడు ఏడవలేదు గానీ వేరే పనులు మొదలుపెట్టాడు. గాబు దగ్గర బకెట్టు కోసం ఆరో తరగతి పిల్లవాణ్ణి కొట్టాడు. అన్నం పళ్ళెం విసిరేశాడు. కామాటి అన్న మందలిస్తే ఎదురుతిరిగాడు. అర్ధసంవత్సర పరీక్షల్లో ఖాళీ పేపర్లు ఇచ్చాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పెట్టె తీసుకుపోవటానికి కూడా బాబాయే వచ్చాడు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. 2002 ఫిబ్రవరిలో వార్షికోత్సవం జరిగింది. నేను ఓణీ కట్టుకుని ఏడుస్తూ నటించే హాస్య ఏకపాత్రాభినయం చేశాను. మొదటి బహుమతి వచ్చింది, స్టీలు గ్లాసు. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ముక్కు ఎగబీల్చటం, ఊపిరి ఆపుకుని వెక్కటం, అవన్నీ నేను ఎవరిని చూసి నేర్చుకున్నానో చూస్తున్నవాళ్ళకు తెలుసు. అందుకే అంత నవ్వారు.

ఇక సైన్సు సంగతికి వద్దాం. ఆ అతిథిగారు చెప్పినది పూర్తిగా గాలిలోంచి పుట్టిన మాట కాదు. 1996లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు, మార్క్ జార్జ్ అనే డాక్టరు, ఆయన సహచరులు, ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న నీటిని రక్తంలోకి ఎక్కించి, మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువ పోతోందో పెట్ స్కాన్ అనే యంత్రంతో చూశారు. మీ జీవితంలో జరిగిన బాధాకరమైన సంఘటన గుర్తు చేసుకోండి అని చెప్పి, విచారంగా ఉన్న ముఖాల ఫోటోలు చూపించారు. భావోద్వేగాలతో సంబంధం ఉన్న లింబిక్ వ్యవస్థ అని మెదడు లోపలి భాగం ఒకటుంది. అది మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ మేర చురుకుగా కనిపించింది. పత్రికలు దాన్ని ఎనిమిది రెట్లు అని రాశాయి. అక్కడి నుంచి అది నోటినోటా పాకి, ముప్ఫై ఏళ్ళ తరువాత మన షామియానా కిందికి వచ్చింది.

ఆ ప్రయోగంలో పాల్గొన్నది ఎంతమందో తెలుసా? 10 మంది ఆడవాళ్ళు, 10 మంది మగవాళ్ళు. మన హాస్టల్లో ఒక్క హాల్లో పడుకునేవాళ్ళే ఇంతకంటే ఎక్కువమంది. సరే, సంఖ్య చిన్నదైనంత మాత్రాన తప్పు అనలేం. కానీ అందులోనే ఉన్న మరో ఫలితం ఎవరూ మైకులో చెప్పరు. ఎంత బాధగా ఉంది అని అడిగితే ఆడవాళ్ళూ మగవాళ్ళూ దాదాపు ఒకేలా చెప్పారు. అంటే స్కానులో వెలుగు ఎక్కువ మేర కనిపించింది గానీ, బాధలో తేడా కనిపించలేదు. పైగా అక్కడ కొలిచింది దుఃఖాన్ని, ఏడుపును కాదు. ఈ రెండూ ఒకటి కాదని మనందరికీ తెలుసు. బాధ ఉండి ఏడవనివాళ్ళున్నారు, సంతోషం పట్టలేక ఏడ్చేవాళ్ళున్నారు. టెన్త్ ఫలితాలు వచ్చిన రోజు మన వరండాలో రెండు రకాలూ చూస్తాం.

ఆ తరువాత పెద్ద పరిశోధనలు చాలా జరిగాయి. 2015లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాఫ్నా జోయెల్ బృందం 1,400 మందికి పైగా మనుషుల మెదడు స్కానులు పరిశీలించింది. నూటికి నూరుపాళ్ళు "మగ మెదడు", నూటికి నూరుపాళ్ళు "ఆడ మెదడు" అన్నవి చాలా అరుదుగా కనిపించాయి. ఎక్కువమంది మెదడు గుడ్డముక్కల బొంతలాంటిది. ఒక ముక్క మగవాళ్ళలో ఎక్కువగా కనిపించే రకం, పక్కముక్క ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపించే రకం. 2021లో లీజ్ ఎలియట్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమె సహచరులు, అంతకుముందు ముప్ఫై ఏళ్ళలో వచ్చిన పరిశోధనలన్నిటినీ తిరగేశారు. మగవాళ్ళ మెదడు సగటున 11 శాతం పెద్దది. శరీరం పెద్దది గనుక గుండె, ఊపిరితిత్తులు పెద్దవిగా ఉన్నట్లే ఇదీను. ఆ పరిమాణం తేడాను పక్కన పెట్టి లెక్కిస్తే, మనిషికీ మనిషికీ మెదడు నిర్మాణంలో ఉండే తేడాల్లో ఆడా మగా అన్నది వివరించగలిగింది సుమారు 1 శాతమే. చిన్న చిన్న స్కాను ప్రయోగాల్లో కనిపించిన తేడాలు చాలావరకు తరువాతి ప్రయోగాల్లో నిలబడలేదు.

అసలు కన్నీరు ఎలా వస్తుందో ఒకసారి చూడండి. పదో తరగతిలో నియంత్రణ–సమన్వయం పాఠం చదివినవాళ్ళకు ఇది సులువు. కంటికి పైన, బయటివైపు మూలలో బాదంగింజ ఆకారంలో అశ్రుగ్రంథి ఉంటుంది. కన్నీళ్ళు మూడు రకాలు. కన్ను ఎండిపోకుండా ఎప్పుడూ ఊరుతుండేది ఒకటి. ఉల్లిపాయ తరిగినప్పుడు, కట్టెల పొయ్యి పొగ తగిలినప్పుడు వచ్చేది రెండోది. మన వంటగదిలో మామయ్యకు రోజూ వచ్చేది అదే! మనసు కదిలినప్పుడు వచ్చేది మూడోది. మెదడు లోపల పుట్టిన కదలిక హైపోథాలమస్ మీదుగా మెదడు కాండానికి చేరి, అక్కడి నుంచి 7వ కపాల నాడి ద్వారా అశ్రుగ్రంథికి ఆజ్ఞగా అందుతుంది. ఎక్కువైన నీరు కంటి లోపలి మూలలో ఉన్న సన్నని రంధ్రాల గుండా ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే. 12 జతల కపాల నాడుల్లో 7వది మగవాళ్ళకు లేకుండా పుట్టలేదు కదా! ఈ దారి మొత్తం అందరికీ ఒక్కటే. మన హాల్లో ఆ రాత్రి వినిపించిన చప్పుడు కూడా ఈ దారిదే.

అయితే ఆడవాళ్ళూ మగవాళ్ళూ సమానంగా ఏడుస్తారా అంటే, లేదు. ఈ విషయంలో నేను ఎదుటివాదాన్ని తోసిపుచ్చను. 1980లలో అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన విలియం ఫ్రే అనే జీవరసాయన శాస్త్రవేత్త లెక్కల్లో ఆడవాళ్ళు నెలకు సగటున 5 సార్లకు పైగా, మగవాళ్ళు ఒకటిన్నర సారికి లోపే ఏడ్చినట్లు తేలింది. ఇప్పటివరకు దాదాపు ఎక్కడ అడిగినా ఆడవాళ్ళే ఎక్కువసార్లు ఏడుస్తామని చెప్పారు. కానీ పసిపిల్లల్లో ఈ తేడా కనిపించదు. ఉయ్యాలలో ఉన్న మగబిడ్డ తక్కువేమీ ఏడవడు. పదకొండు, పన్నెండేళ్ళు వచ్చాక దారులు వేరవుతాయి.

ఆ వయసులో శరీరంలో హార్మోన్లు మారతాయి. పీయూష గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ ఆడపిల్లల్లో పెరుగుతుంది, మగపిల్లల్లో టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. మొదటిది ఏడుపును దగ్గర చేస్తుందని, రెండోది దూరం చేస్తుందని ఫ్రే తదితరులు ఊహించారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు టెస్టోస్టెరాన్ తగ్గించే మందులు వాడే మగవాళ్ళలో కొందరికి తొందరగా కన్నీళ్ళు రావటం డాక్టర్లు చూశారు. కాబట్టి శరీరం వాటా కొంత ఉండవచ్చు. ఎంత అన్నది ఎవరూ తేల్చలేదు. ఎందుకంటే సరిగ్గా అదే వయసులో ఇంకొకటి కూడా జరుగుతుంది. ఇల్లు, బడి, వీధి అన్నీ కలిసి మగపిల్లవాడికి "ఒరేయ్, నువ్వింక చిన్నపిల్లాడివి కాదు" అని చెప్పటం మొదలుపెడతాయి. మనకైతే అదే వయసులో ట్రంకు పెట్టె నెత్తిన పెట్టి హాస్టల్లో దింపుతారు. హార్మోనూ హాస్టలూ ఒకే ఏడాది వస్తే, ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పటం కష్టం.

విడదీయటానికి ఒక దారి దేశాలను పోల్చి చూడటం. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆడ్ వింగర్‌హూట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జీవితమంతా ఏడుపు మీదే పరిశోధన చేశారు. ఆయన, ఆయన సహచరులు, 37 దేశాల వాళ్ళను అడిగారు. అంతా హార్మోను చేసే పనే అయితే ఆడా మగా తేడా అన్ని దేశాల్లో ఒకే కొలతలో రావాలి. రాలేదు. డబ్బున్న, స్వేచ్ఛ ఎక్కువ ఉన్న దేశాల్లో తేడా పెద్దది. నేపాల్, నైజీరియా, ఘనా లాంటి చోట్ల చాలా చిన్నది.

మొదటిసారి ఇది చదివినప్పుడు నేను తలకిందులుగా ఊహించుకున్నాను. బీద దేశాల్లో ఆడవాళ్ళకు కష్టాలు ఎక్కువ కాబట్టి వాళ్ళే ఎక్కువ ఏడవాలి కదా అనుకున్నాను. తరువాత మా అమ్మ గుర్తొచ్చింది. తెల్లవారుజామున లేచి వంట చేసి, నాట్లకో కలుపుకో పోయి, పొద్దుగూకాక వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించే మనిషి. ఆమె ఏడవటం నేను నా జీవితంలో రెండుసార్లే చూశాను. ఒకటి మా చెల్లి పోయినప్పుడు, రెండోది నన్ను ఈ హాస్టల్లో దింపి వెళ్ళినప్పుడు. ఆ రోజు కూడా గేటు దాటేదాకా ఆగింది. ఆమెకు ఏడవటానికి తీరిక ఎక్కడిది? "ఆడవాళ్ళ మెదడు ఏడవటానికే తయారైంది" అనే మాట మా అమ్మలాంటి వాళ్ళను చూడనివాళ్ళు అనే మాట. మీ అమ్మలను కూడా ఒకసారి తలచుకోండి.

ఇంకొక ప్రయోగం నాకు చాలా ఇష్టం, పిల్లలకు క్లాసులో తరచు చెబుతుంటాను. 1976లో అమెరికాలో కాండ్రీ దంపతులు చేశారు. తొమ్మిది నెలల బిడ్డ వీడియో 200 మందికి పైగా చూపించారు. బిడ్డ ముందు మూత తెరుచుకుని స్ప్రింగు బొమ్మ పైకి ఎగిరే పెట్టె పెడతారు. బొమ్మ ఎగరగానే బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. చూసేవాళ్ళలో సగంమందికి ఇది మగబిడ్డ అని, సగంమందికి ఆడబిడ్డ అని చెప్పారు. బిడ్డ ఒక్కటే, వీడియో ఒక్కటే, ఏడుపు ఒక్కటే. మగబిడ్డ అనుకున్నవాళ్ళు "కోపంతో ఏడుస్తున్నాడు" అన్నారు. ఆడబిడ్డ అనుకున్నవాళ్ళు "భయంతో ఏడుస్తోంది" అన్నారు. ఇది చదివితే నాకు మా మిత్రుడే గుర్తొస్తాడు. వాడు పళ్ళెం విసిరితే అందరికీ అందులో పొగరు కనిపించింది. వాడి దుఃఖానికి మేము వదిలిన దారి అదొక్కటే అని మాలో ఒక్కడికీ తట్టలేదు.

ఏడిస్తే మనసు తేలికవుతుందని అంటారు. నిజమేనా? వింగర్‌హూట్స్, ఆయన సహచరులు, ఈ ప్రశ్న మీద కూడా చాలా దేశాలవాళ్ళ అనుభవాలు సేకరించి 2008లో ప్రచురించారు. ఏడ్చినవాళ్ళందరికీ తేలిక కాలేదు. పక్కన ఎవరైనా ఉండి ఓదార్చినవాళ్ళకు మేలు జరిగింది. ఏడ్చినందుకు సిగ్గుపడాల్సి వచ్చినవాళ్ళకు ఆ మేలు అంతగా దక్కలేదు. ఈ ముక్క చదివి నేను పుస్తకం మూసేశాను. అంటే కన్నీటిలో ఉన్న మందు కన్నీటిలో మాత్రమే లేదు, పక్కన ఉన్నవాడిలో కూడా ఉంది. 2001 ఆగస్టులో వాడి పక్కన ఉన్నవాణ్ణి నేనే.

"మరి మగవాళ్ళు ఏడ్చుకుంటూ కూర్చుంటే సంసారాలు ఎవరు ఈదుతారు?" అని మా ఊళ్ళో ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. ఏడుపు పనికి అడ్డం వస్తుందని మన భయం. దానికి సమాధానంగా హైదరాబాదు కుర్రాడు మహమ్మద్ సిరాజ్‌ను చూపిస్తాను. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన తండ్రి 2020 నవంబరులో చనిపోయాడు. సిరాజ్ అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టుకు ముందు జాతీయగీతం వస్తుంటే కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి, ప్రపంచమంతా టీవీలో చూసింది. అదే సిరీస్‌లో 13 వికెట్లు తీశాడు. తిరిగొచ్చి విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళాడు. ఏడ్చినందుకు అతని బంతి వేగం ఏమన్నా తగ్గిందా? 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్–2 ల్యాండరుతో సంబంధం తెగిపోయినప్పుడు ఇస్రో అధ్యక్షుడు కె. శివన్ అందరి ముందూ ఏడ్చారు. రైతు బిడ్డ. కొందరు ఎగతాళి చేశారు కూడా. 2023 ఆగస్టులో అదే ఇస్రో చంద్రుడి మీద దిగింది.

ఇంకా పెద్ద పేరు చెబుతాను. మన హాల్లో గోడమీద ఉన్న ఫోటో ఎవరిది? బాబాసాహెబ్ అంబేద్కర్ విదేశంలో చదువుకుని 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు, అంటరానివాడని ఎవరూ ఇల్లు అద్దెకు ఇవ్వలేదు. పేరు మార్చుకుని ఒక పార్శీ సత్రంలో దిగితే, సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే తన రచనలో ఆ సంఘటన రాస్తూ, పద్దెనిమిదేళ్ళ తరువాత కూడా అది గుర్తొస్తే కళ్ళలో నీళ్ళు తిరగకుండా ఉండవని ఆయనే చెప్పుకున్నారు. ఆ మాట ఆయన దాచుకోలేదు, రాసి పెట్టారు. మనం ఏప్రిల్ 14న దండ వేసి ధైర్యానికి గుర్తు అంటాం, అది సరైనదే. ఆ ధైర్యం కళ్ళు తడవని మనిషిది అని మాత్రం అనుకోకండి.

మా తాత సామెతలో మొదటి సగం కూడా ఉంది, దాన్ని వదిలేస్తే అన్యాయం. నవ్వే ఆడదాన్ని నమ్మకూడదట! అంటే ఆడది ఏడుస్తూ ఉండాలి, మగవాడు ఏడవకుండా ఉండాలి. ఇద్దరి ముఖాలూ సామెత చెప్పినట్లే ఉండాలి. మరి ఏడ్చే ఆడపిల్లను నమ్ముతారా అంటే, అదీ లేదు. మా మేనకోడలు ఒక బాలికల వసతిగృహంలో చదివింది. ఏ ఊరో రాయను. స్నానాల గదికి గడియ లేదని పిల్లలు ఏడుస్తూ చెబితే, "ఆడపిల్లలు ప్రతిదానికీ ఏడుస్తారు" అని పంపేశారు. గడియ పడటానికి ఏడాది పట్టింది. "ఆడవాళ్ళ మెదడే అంత" అనే మాట వల్ల మగపిల్లవాడికి కన్నీళ్ళు దక్కవు, ఆడపిల్ల కన్నీళ్ళకు విలువ దక్కదు. సైన్సు పేరు చెప్పి అంటే ఇంకా గట్టిగా అంటుకుంటుంది, ఎందుకంటే సామెతను కాదనగలం గానీ సైన్సును ఎవడు కాదంటాడు?

ఒక లెక్క చెప్పి ఊరుకుంటాను, భయపెట్టటానికి కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 1,70,924 మంది. అందులో మగవాళ్ళు సుమారు 72 శాతం. విద్యార్థులు 13,044 మంది. అప్పులు, జబ్బులు, కుటుంబ గొడవలు, పరీక్షలు, తాగుడు, కారణాలు అనేకం. ఏడవకపోవటం వల్లే అని నేననను, అలా అనటం తప్పు. కానీ "నాకు బాధగా ఉంది" అని ఒక్క మనిషికి కూడా చెప్పుకోలేని అలవాటు పన్నెండో ఏట మొదలై నలభయ్యో ఏట దాకా పోతే మంచి చేస్తుందని మాత్రం ఎవరూ అనలేరు. ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి–మానస్ అని ప్రారంభించింది. నంబరు 14416. పగలైనా రాత్రైనా డబ్బు కట్టకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. మనవాళ్ళు గోడమీద మెనూ రాసినట్లు ఈ నంబరు కూడా రాయిస్తే బాగుంటుంది. వార్డెన్ గారికి ఇదే నా విన్నపం.

ఇంకొక విన్నపం తమ్ముళ్ళకు. ఇంట్లో ఎవరో పోయి, దినం చేసుకుని ఒక కుర్రాడు తిరిగొస్తాడు. ప్రతి సంవత్సరం ఒకరిద్దరైనా ఉంటారు, మన ఇళ్ళ సంగతి అది. ఆ రాత్రి వాడు ముసుగు వేసుకుంటే ఏమీ మాట్లాడనక్కరలేదు. ఓదార్పు మాటలు మనకు రావు, పరవాలేదు. పక్క పరుచుకుని పక్కన పడుకోండి చాలు. ఎవడైనా నవ్వబోతే ఆపండి. వార్షికోత్సవంలో ఓణీ కట్టుకుని ఏడ్చే హాస్యం ఒకటి ఇంకా నడుస్తోంది, పోయిన ఏడాది కూడా చూశాను. దాన్ని మానేస్తారో లేదో మీ ఇష్టం. మొదటి బహుమతి పొందినవాణ్ణి నేను, నాకు చెప్పే అర్హత ఎంత ఉందో మీరే చెప్పండి.

మా మిత్రుణ్ణి 2022లో ఒంగోలు బస్టాండు బయట టీ బంకు దగ్గర చూశాను. లారీ నడుపుతున్నాడు. వాడే నన్ను గుర్తుపట్టి పిలిచాడు. కరోనా రెండో అలలో వాళ్ళమ్మ పోయిందని చెప్పాడు. "ఏడుపు రాలేదురా. రావాలని చూశాను, రాలేదు. ఊళ్ళో అంతా రాతిగుండె అన్నారు" అన్నాడు. నేను ఆ రాత్రి సంగతి ఎత్తాను. క్షమించమని అడగబోయాను. వాడు చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వొక్కడివే నవ్వావా ఏంటి, టీ తాగు" అన్నాడు. డబ్బులు కూడా వాడే ఇచ్చాడు.

వాడి కొడుకు ఇప్పుడు ఏడో తరగతి, మన హాస్టల్లోనే ఉన్నాడు. పేరు రాయనని చెప్పాను కాబట్టి ఎవరని వెతకకండి. ఈసారి వార్షికోత్సవానికి రమ్మని వాడికి ఫోన్ చేశాను. ఆ రోజు లోడు ఉంటే రాలేనన్నాడు, లేకపోతే వస్తానన్నాడు.